నాయిన పెట్టిన సంతకం

అంబికకు వచ్చింది బద్ధకం కాదు, గాలి సోకడం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అని నారాయణగూడ డాక్టరమ్మ చంద్రిక తేల్చి చెప్పి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ స్వరూప కూతురిని ఒంటరిగా వదల్లేదు. అశోక్ నగర్ లేడీస్ హాస్టల్లో తాను వంట చేసినంతసేపూ, అక్కడే ఉండి గ్రూప్ టూకు చదువుకుంటున్న భాను గదిలో పిల్లను కూర్చోబెడుతోంది. డాక్టరమ్మ దగ్గరికి తోవ చూపించింది కూడా ఆ భానే. మొగుడు ఎల్లేశం మాత్రం మాత్రల చీటీ చూసినప్పటి నుంచి నోరు విప్పలేదు. పొద్దున్నే తాపీ సంచి భుజానికి తగిలించుకుని పోతాడు, దీపాలు పెట్టాక వస్తాడు, తిని గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మగాడు కదా, భయం బయటికి చెప్పుకోలేక అట్లా ఉన్నాడని స్వరూప సర్దుకుంది. ఆ సర్దుబాటు సోమవారం దాకానే సాగింది.

సోమవారం ఆమె కాలేజీకి బయలుదేరింది. పిల్లకు రెండు నెలలు విశ్రాంతి కావాలని డాక్టరమ్మ సర్టిఫికెట్ రాసిచ్చింది. అది చూపించి సెలవు మంజూరు చేయించుకుంటే ఇంటర్ మొదటి ఏడు పోకుండా ఉంటుంది. ఇంకో పని కూడా చెప్పింది. పిల్ల ఎప్పటి నుంచి మారిందో, తరగతిలో ఎట్లా ఉండేదో లెక్చరర్లను అడిగి రమ్మంది. "మందు ఎంత ముఖ్యమో, మనకు తెలియని రోజులు తెలుసుకోవడం అంత ముఖ్యం" అని ఆమె అన్న మాట స్వరూప మనసులో గట్టిగా నాటుకుంది.

మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద నుంచి దింపి, చేతులు కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పోయింది. నారాయణగూడ చౌరస్తా దాటాక కింద బట్టల దుకాణం, పైన మూడంతస్తుల్లో ఆ ప్రైవేటు కాలేజీ. మెట్ల పొడుగునా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. ఎండాకాలంలో చేర్పించడానికి వచ్చినప్పుడు అంబిక ఒక్కో మెట్టు మీదా ఆగి ఆ పేర్లన్నీ చదివింది. పదో తరగతిలో తొమ్మిదిన్నర పాయింట్లు తెచ్చుకున్న పిల్ల. హాస్టల్ అక్కలకు పొద్దున పేపర్ చదివి వినిపించి, వాళ్లు జవాబు చెప్పలేని ప్రశ్నలు వేసి నవ్వే పిల్ల. ఇప్పుడు తల దువ్వుకోమంటే దువ్వెన చేతిలో పట్టుకుని అరగంట అట్లాగే కూర్చుంటోంది.

గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టాక ప్రిన్సిపాల్ సాగర్ సార్ లోపలికి పిలిపించాడు. నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. సర్టిఫికెట్ అందుకుని మొదటి వరుస చదివి, బల్లకు అవతలి వైపు పెట్టేశాడు, చేతికి మరక అంటుతుందేమో అన్నట్టు. సెలవు ఇవ్వడం కుదరదన్నాడు. టీసీ తీసుకుని పొమ్మన్నాడు. ఇలాంటి పిల్ల తరగతిలో ఉంటే మిగతా పిల్లల మీద ప్రభావం పడుతుందని, వాళ్ల తల్లిదండ్రులకు తాను జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని, తనకూ ఆడపిల్లలున్నారని, బాధ తనకూ తెలుసునని అన్నాడు. ఇంత మెత్తగా గెంటేయడం స్వరూప ఎన్నడూ చూడలేదు. మేస్త్రీలు తిట్టి పంపుతారు, ఇంటి ఓనర్లు తలుపు వేసుకుంటారు. ఈయన సానుభూతి చూపిస్తూ గెంటుతున్నాడు.

ఆమె బతిమాలింది. జ్వరం వస్తే సెలవు ఇస్తారు కదా, కామెర్లయితే ఇస్తారు కదా, ఇదీ జబ్బే అని డాక్టరమ్మ చెప్పింది కదా అని అడిగింది. ఆయన ముఖం చిట్లించాడు. తల్లిదండ్రులు అంత పట్టించుకునేవాళ్లయితే ఆగస్టులోనే తీసుకుపోయేవాళ్లు కదా అన్నాడు.

స్వరూపకు అర్థం కాలేదు. ఆగస్టులో ఏమైందని అడిగింది.

సార్ బీరువాలోంచి ఒక ఫైలు తీసి, పేజీలు తిప్పి, ఆమె ముందు పెట్టాడు. కాలేజీ తన పని తాను చేసిందనడానికి సాక్ష్యంగా పెట్టాడు ఆయన. పైన ఉన్నది తెల్ల కాగితం. దాని మీద అంబిక రాత. గుండ్రటి అక్షరాలు, ప్రతి వరుసా తీగ మీద పిట్టల్లా సమంగా ఉండే ఆ రాత స్వరూప ఎక్కడున్నా గుర్తుపడుతుంది. మక్తల్ పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివింది ఆమె. వేలు కింద పెట్టుకుని మెల్లగా చదువుకుంది.

నా మానసిక పరిస్థితితో కాలేజీకి ఎటువంటి సంబంధం లేదు. ఇకముందు నాకు ఏమైనా జరిగితే కాలేజీ యాజమాన్యం బాధ్యత కాదు. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను.

కింద అంబిక సంతకం. దాని కింద, వంకర టింకరగా, గోడ కడుతున్నంత కష్టంగా రాసిన మూడక్షరాలు. ఎల్లేశం. పక్కన తేదీ, ఆగస్టు పద్నాలుగు.

స్వరూప ఆ మూడక్షరాలను మళ్లీ మళ్లీ చదివింది. రేషన్ కార్డు మీద చూసిన సంతకమే. కూతురి బడి ఫారం మీద చూసిన సంతకమే.

దానికి పిన్నుతో గుచ్చి ఇంకో కాగితం ఉంది. బోటనీ స్లిప్ టెస్ట్ పేపరు. రెండు పేజీలు ఇంగ్లీషులో జవాబులు. మూడో పేజీలో హఠాత్తుగా తెలుగు.

మేడం, ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కానీ రాయబుద్ధి అయితలేదు. నెల రోజుల నుంచి నాకు ఏదీ చెయ్యబుద్ధి అయితలేదు. పొద్దున మెలకువ రాకుంటే బాగుండు అనిపిస్తుంది. మా అమ్మకు చెప్తే భయపడుతది. మీరు ఒక్కసారి నాతోని మాట్లాడుతారా?

ఆ అయిదు వరుసల మీద అడ్డంగా ఎర్ర సిరా గీత. మార్జిన్‌లో సున్న.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో స్వరూపకు అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు రాలేదు.  ఈ వరుసలు రాసిన రోజు సాయంత్రం కూడా పిల్ల ఇంటికి వచ్చి ఉంటుంది. తాను అన్నం పెట్టి ఉంటుంది. తినలేదని కసిరి కూడా ఉంటుంది.

ఆ మేడం పిల్లతో మాట్లాడిందా అని అడిగింది.  ఆ మేడంకు మూడు వందల పేపర్లు ఉంటాయన్నాడు సార్, దసరా ముందే మానేసి పోయిందన్నాడు, విషయం తన దాకా వచ్చిన మర్నాడే తండ్రిని పిలిపించామన్నాడు. ఫైలు మూయడానికి చెయ్యి చాపాడు. స్వరూప ఆ కాగితాల మీద అరచెయ్యి పెట్టింది.

"నా బిడ్డ మిమ్మల్ని ఒక్కసారి మాట్లాడమన్నది సార్" అంది. గొంతు పెంచలేదు. "మీరు దాని చేతనే, అది సస్తే మాకు సంబంధం లేదని రాయించుకున్నరు. పదహారేండ్ల పిల్ల. ఆ మాట రాస్తుంటే దాని చెయ్యి ఎట్ల ఆడింది? రాయమని చెప్తుంటే మీ నోరెట్ల ఆడింది?"

ఇది అందరూ చేసే ఫార్మాలిటీయేనని ఆయన అన్నాడు. ఆ 'అందరూ' అన్న మాటను స్వరూప పట్టుకుంది. పిన్ను తీసి, రాతపత్రం ఒకటే చేతిలోకి తీసుకుని లేచింది. ఆయన అమ్మా అమ్మా అంటూ కుర్చీలోంచి లేచేలోగా తలుపు తీసుకుని బయటి హాల్లోకి నడిచింది.

హాల్లో పాతిక మంది దాకా తల్లులూ తండ్రులూ ఉన్నారు. క్వార్టర్లీ మార్కుల కాగితాలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు. చేతిలో ఆ స్లిప్ టెస్ట్ పేపరు కూడా ఉండుంటే వాళ్లందరి ముందూ చదివేసేదే, అంత కోపంలో ఉంది. కానీ ఆ అయిదు వరుసలు బిడ్డ గుండెలో మాట. పది మంది నోళ్లలో పడటానికి రాసింది కాదు. అందుకే దాన్ని ఫైల్లోనే వదిలింది. చేతిలో ఉన్న కాగితంలో పేరు మింగేసి, మిగతాది గట్టిగా, ఒక్కో ముక్కా ఆగి ఆగి చదివింది. చదివి, మీ పిల్లలతో కూడా ఇట్లాంటిది రాయించుకున్నారేమో అడిగి తెలుసుకోండి అంది.

 కిటికీ దగ్గర నిలబడ్డ ఒకామె, జూలైలో తన కొడుకుతో ఏదో రాయించుకున్నారని, ఇంగ్లీషులో ఉంటే చదవకుండానే సంతకం పెట్టానని మెల్లగా బయటపెట్టింది. ఆమె పక్కనున్నాయన తన కూతురికి అక్కడే ఫోన్ చేశాడు. అంతలో ఇంకొకరు లోపలికి తొంగి ఫైళ్లు చూపించమన్నారు. సాగర్ సార్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆయన మెత్తదనం మొదటిసారి చెదిరింది.

పది నిమిషాల్లో సెలవు కాగితం మీద సంతకం, ముద్ర పడ్డాయి. డిసెంబర్ దాకా హాజరు మినహాయింపు, పరీక్ష ఫీజు కట్టించుకుంటారు, టీసీ మాట లేదు. రాతపత్రం వెనక్కి ఇమ్మని ఆయన అడిగితే, స్వరూప ఫోన్‌తో దానికీ, స్లిప్ టెస్ట్ పేపరుకూ ఫొటోలు తీసుకుని, అప్పుడు ఇచ్చింది. ఆమె మెట్లు దిగింది. గెలిచినట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆ మూడు వంకర అక్షరాలే కళ్ల ముందు ఆడుతున్నాయి.

బస్సు కోసం ఆగలేదు. మెట్రో స్తంభాల నీడ వెంట చిక్కడపల్లి వైపు నడిచింది. ఎల్లేశం లైబ్రరీ వెనక సందులో లేస్తున్న అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. నడుస్తున్నంతసేపూ ఆమె రోజులు లెక్కపెట్టింది. ఆగస్టు పద్నాలుగు నుంచి అక్టోబర్ ఇరవై దాకా. అరవై ఏడు రోజులు. అరవై ఏడు రోజులు ఈ మనిషి పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. పిల్ల లేవడం లేదని తాను మొత్తుకుంటే, ఫోన్ ఎక్కువ చూస్తోందన్నాడు. జుట్టు రాలుతోందంటే నీళ్లు పడలేదన్నాడు. భాను డాక్టర్ పేరు చెప్పిన రోజు, హాస్టల్ పిల్లల మాటలు వినకు అన్నాడు.

ఎల్లేశం మూడో అంతస్తులో ఉన్నాడు. కింది నుంచి పిలిస్తే తొంగిచూసి, ఆమె ముఖం కనబడగానే తాపీ బొచ్చెలో పడేసి దిగి వచ్చాడు. బిడ్డకు ఏమైందని అడిగాడు. ముంజేతుల నిండా సిమెంటు. స్వరూప ఏమీ చెప్పకుండా ఫోన్ తెరిచి ఫొటో చూపించింది. ఆయన దాన్ని చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు. ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. పని మీద ఉండగా సార్ ఫోన్ చేశాడు. ఇట్లాగే సిమెంటు చేతులతో పోయాడు. అంబిక గది మూలకు నిలబడి ఉంది, తలెత్తలేదు. సంతకం పెట్టు, లేదా టీసీ తీసుకుపో, ఇలాంటి పిల్లను ఈ నగరంలో ఏ కాలేజీ చేర్చుకోదు అన్నాడు సార్. ఎల్లేశం సంతకం పెట్టి, పిల్లను బండి మీద ఎక్కించుకుని, దారిలో చెరకురసం తాగించి, అమ్మకు చెప్పకు బిడ్డా అన్నాడు. ఆ పిల్ల సరే నాయినా అంది. అంతే జరిగింది.

స్వరూపకు ఆయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ అట్లా అనిపించలేదు. పైనున్న కూలీలు పని ఆపి చూస్తున్నారని తెలిసీ ఆమె తగ్గలేదు. నాకెందుకు చెప్పలేదు, నేను కన్నది కాదా, నీ చెరకురసంతో తీరే బాధేనా అది అని అడుగుతూనే ఉంది. ఆయన తలవంచుకుని విన్నాడు. చివరికి తలెత్తినప్పుడు ఆయన ముఖం ఆమె గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

"భూదేవిని పాము కరవలే" అన్నాడు.

భూదేవి ఎల్లేశం చెల్లెలు. స్వరూప కాపురానికి రాకముందే పోయింది. పదిహేడేళ్లకు, చేనుకు పోతే పాము కరిచిందని అత్తింట్లో అందరూ చెప్పారు. పోయినవాళ్లను తలుచుకునే పెత్రమాసకు ఆ పిల్ల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు స్వరూప ప్రతి ఏడూ ఆ పామును తిట్టుకునేది.

పాము కాదు. భూదేవి కూడా ఇట్లాగే ఉండేదట. తినకపోయేది, మాట్లాడకపోయేది, గోడ చూస్తూ పడుకునేది. పెద్దన్న కురుమయ్య గాలి సోకిందని నలభై రోజులు ఒక మంత్రగాడి దగ్గర ఉంచాడు. వేపమండలతో కొట్టేవారట, ఉపవాసం పెట్టేవారట. ఎల్లేశం అప్పుడు ఇరవై ఏళ్లవాడు. సద్ది తీసుకుని పోతే, అన్నా నన్ను ఇంటికి తీస్కపో అని ఏడ్చిందట. పెద్దన్నకు ఎదురుచెప్పలేక వెనక్కి వచ్చేశాడు. నలభై ఒకటో నాడు ఇంటికి తెచ్చారు. రెండో నాడు పొద్దున లేచేసరికి భూదేవి లేదు. ఇంటికి చెడ్డపేరు వస్తుందని పాము కథ పుట్టించారు.

"సార్ ఆ మాట చెప్పంగనే నా చెల్లె యాదికొచ్చింది" అన్నాడు ఎల్లేశం. "దానికి పేరు పెట్టకుంటే అదే పోతదనుకున్న. నీకు చెప్తే దవాఖాన అంటవ్, దవాఖాన అంటే పేరు పడ్తది. నా చేతులు కట్టేసినట్లయింది స్వరూపా. దస్కత్ పెట్టి వచ్చిన."

స్వరూప కోపం చల్లారలేదు. జాలి కలిగింది, నిజమే, కానీ అది కోపాన్ని ఇంకా కాల్చింది. చెల్లెలి బాధ కళ్లారా చూసినవాడు, కూతురి బాధ అందరికంటే ముందు గుర్తుపట్టినవాడు, ఇంకో అరవై ఏడు రోజులు నోరు మూసుకున్నాడు.

"నీ చెల్లె దవాఖానకు పోయి సావలే" అంది. "పోనియ్యక సచ్చింది."

ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. సిమెంటు చారలు చెంపల మీదికి పాకాయి. గురువారం డాక్టరమ్మ తల్లిదండ్రులిద్దరినీ రమ్మందని, వచ్చి ఈ ముచ్చటంతా ఆమెకు చెప్పాలని స్వరూప చెప్పింది. అడగలేదు, చెప్పింది. వస్తానన్నాడు. పిల్ల ముందు కూడా చెప్పాలంది.  చెప్తా అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. భాను. గొంతు తగ్గించి, గబగబా మాట్లాడింది. అంబిక పెద్దనాయిన కురుమయ్యనంటూ ఒకాయన ఊరి నుంచి బస్సులో దిగి, ఆటో కట్టించుకుని వచ్చాడట, పిల్లను తీసుకుపోతానంటున్నాడట. వార్డెన్ బయటికి పోయిందట, భానే గేటుకు తాళం వేసిందట.

స్వరూప మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకు ఎల్లేశం లేచి నిలబడ్డాడు. తాను పిలవలేదన్నాడు. చచ్చిన తల్లి మీద ఒట్టు పెట్టాడు. అరవై ఏడు రోజులు అబద్ధం ఆడిన నోటితో పెట్టిన ఒట్టు అది. స్వరూప నమ్మలేదు. నమ్మలేదని చెప్పి, రోడ్డు మీదికి నడిచి, దొరికిన ఆటో ఎక్కింది. చేతులు కడుక్కోకుండానే ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు. 

హాస్టల్ గేటు ముందు, జిరాక్స్ షాపుకు అడ్డంగా ఆటో ఆగి ఉంది. కురుమయ్య తెల్ల పంచె, భుజాన తువ్వాలతో గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలి వైపు భాను. ఆమె వెనక మెట్ల మీద అంబిక కూర్చుని ఉంది. ఒళ్లో బట్టల సంచి. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తల దువ్వుకుంది, జడ వేసుకుంది.

మరదల్ని చూసి కురుమయ్య మర్యాదగానే పలకరించాడు. పిల్లకు మత్తు మాత్రలు మింగించి చంపుతున్నారని, ఊళ్లో మంచి మనిషి ఉన్నాడని, పదిహేను రోజుల్లో బాగుచేసి పంపుతానని అన్నాడు. బావ ఎదుట గట్టిగా మాట్లాడి ఎరగని స్వరూప ఆయనకూ గేటుకూ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"బావా, ఒకదాన్ని తీస్కపోయినవ్" అంది. "చాలు."

కురుమయ్య ముఖంలో రంగు మారింది. ఎల్లేశం వైపు చూశాడు. ఎల్లేశం ఈసారి తలవంచుకోలేదు. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. చెల్లె సంగతి నేనే చెప్పిన అన్నా, ఆటో వెనక్కి తిప్పించు అన్నాడు. అన్న ముందు ఆయన గొంతు అంత స్థిరంగా పలకడం స్వరూప వినలేదు ఎన్నడూ.

కురుమయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తానేమీ పిలవని పేరంటానికి రాలేదన్నాడు. నిన్న సాయంత్రం ఫోన్ వస్తేనే వచ్చానన్నాడు. ఎవరు చేశారని స్వరూప అడిగేలోగా మెట్ల మీద నుంచి జవాబు వచ్చింది.

"నేనే చేసిన అమ్మా."

అంబిక లేచి నిలబడింది. సంచి గుండెలకు ఆనించుకుంది. నెలల తర్వాత ఆ కళ్లలో ఏదో గట్టి నిర్ణయం ఉంది. అది స్వరూపను ఇంతసేపూ పట్టి నడిపించిన కోపాన్ని కాళ్ల కిందికి జార్చేసింది. ప్రిన్సిపాల్ మీద కోప్పడింది, మొగుడి మీద కోప్పడింది, బావ మీద కోప్పడింది. ఈ పిల్ల మీద ఎట్లా కోప్పడాలి?

అంబిక భాను పక్కకు వచ్చి, తల్లి కళ్లలోకి చూడకుండా తాళం వైపు చూస్తూ అంది.

"పెద్దనాయిన తప్పు లేదు. నేనే రమ్మన్న. నాకు ఇక్కడ ఉండబుద్ధి అయితలేదు. గేటు తీయమను అమ్మా."

తాళంచెవి భాను పిడికిట్లో ఉంది. ఆమె ఊచల మధ్య నుంచి స్వరూప ముఖంలోకి చూసింది, ఏం చెయ్యమంటావక్కా అన్నట్టు.